వాచీలో ఎక్కని అంకె

ఆదివారం పొద్దున్నే మన గుడియాత్తం మైదానంలో పరుగెత్తే పిల్లల్ని చూస్తుంటాను. కాస్త దూరం పోగానే చెయ్యెత్తి మణికట్టు చూసుకుంటారు. మళ్లీ కాస్త దూరం, మళ్లీ మణికట్టు. “పరుగు ఎట్ల ఉండాది నాయనా?” అని అడిగితే కాళ్ల సంగతి చెప్పరు, ఊపిరి సంగతి చెప్పరు. “నూట యాభై రెండు తాతా” అంటారు. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో ఆ అంకె. నా ఉద్యోగమంతా ఆ అంకెతోనే గడిచింది కాబట్టి, దాన్ని నమ్మి ఒక మనిషి ఎక్కడిదాకా పోయాడో మన పరుగు బృందంలోని మీ అందరికీ చెప్పాలి. మీలో చాలామంది తమిళ బడుల్లో చదివి, తెలుగు మాట్లాడతారే గాని చదవలేరని తెలుసు. చదవడం వచ్చినవాళ్లు తక్కినవాళ్లకు వినిపించండి.

నేను వేలూరులో ఒక ఆసుపత్రిలో ట్రెడ్‌మిల్ పరీక్ష గదిలో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. మనిషి ఛాతీకి బిళ్లలు అతికించి, తీగలు తగిలించి, కదిలే పట్టా మీద నడిపించి, మెల్లగా వేగం పెంచి, ఎత్తు పెంచి, గుండె ఏం చేస్తుందో కాగితం మీద గీయించడం నా పని. పక్కన డాక్టరు ఉంటుంది. మా డాక్టరమ్మది ఒక అలవాటు. “ఏమైనా మాత్రలు వేసుకుంటారా?” అని అందరిలా ఒకసారి అడిగి ఊరుకోదు. మూడుసార్లు మూడు రకాలుగా అడుగుతుంది. “నిన్న ఏం మింగినారు?” అంటుంది. “ఇంట్లో అలమరలో ఏం మాత్రలు ఉన్నాయి?” అంటుంది. బిళ్లలు అతికించే అటెండరు వెనకనుంచి నాకు సైగ చేసేవాడు, పోలీసు స్టేషను మొదలైంది అని. ఆ అటెండరుకు ఇంకో గుణం కూడా ఉండేది. మనిషి గదిలోకి అడుగుపెట్టగానే వీడు ఎంతదాకా లాగుతాడో నా చెవిలో జోస్యం చెప్పేవాడు. పందెం టీకి. ఎక్కువసార్లు వాడే గెలిచేవాడని ఒప్పుకోవాలి.

గరిష్ఠం లెక్క మీకు తెలిసిందే. రెండు వందల ఇరవైలోంచి వయసు తీసేస్తే మిగిలేది గుండె కొట్టుకోగల పై హద్దు అని చెబుతారు. పరీక్షలో ఆ హద్దుకు దగ్గరగా, అంటే నూటికి ఎనభై అయిదు వంతులదాకా గుండెను పరుగెత్తించాలి. అప్పుడే లోపల ఏదైనా లోపముంటే బయటపడుతుంది. కానీ ఆ లెక్క సగటు లెక్క. ఆంబూరు ఫ్యాక్టరీలో ఒకే సైజు బూట్లు చేసి ఊరందరికీ తొడిగితే ఎట్లా ఉంటుందో అట్లాంటిది. కొందరికి సరిపోతుంది, కొందరికి కరుస్తుంది, కొందరికి జారిపోతుంది. పైగా మా తరంలో వయసే నిజం కాదు. బడిలో చేర్చుకునేటప్పుడు హెడ్‌మాస్టరు మమ్మల్నందరినీ జూన్ నెలలో పుట్టించేశాడు.

నేను ఉద్యోగంలో ఉన్న చివరి రోజుల్లోనే మన ఊళ్లో ఈ పరుగు బృందం మొదలైంది. లుంగీలు నేయించే యజమానులు, బజారులో అంగళ్లున్న శెట్లు, ఒకరిద్దరు టీచర్లు, తోలు బూట్ల ఫ్యాక్టరీలకు పోయేవాళ్లు. వీళ్లలో రెండు కట్చిలవాళ్లూ ఉన్నారు. కట్చి అంటే పార్టీ, మన ఊళ్లో అందరం అట్లాగే అంటాం. మామూలుగా పంచె అంచు రంగు చూసి ఎవరు ఏ కట్చియో చెప్పేయవచ్చు. అంచు వేరైతే టీ అంగట్లో ఒకే బల్ల మీద కూచోరు. కానీ నిక్కరుకు అంచు ఉండదు. అందువల్ల పొద్దున పూట ఒక గంటసేపు ఊరు కలిసిమెలిసి ఉండేది.

బజారు శెట్టి ఒకాయన చెన్నై నుంచి గుండె వేగం చూపించే వాచీలు టోకున తెప్పించి అందరికీ పంచాడు. గొడవ అక్కడ మొదలైంది. వాచీ పుట్టినతేదీ అడుగుతుంది. అందరూ జూన్ నెల తేదీ కొట్టారు. వాచీ గరిష్ఠం చెప్పింది. ఆ గరిష్ఠం దాటితే ఎర్రరంగు వెలిగి కూత పెడుతుంది.

మొదటి కూత ఆ శెట్టిగారి వాచీయే పెట్టింది. ఏటవాలు రోడ్డు ఎక్కుతుండగా అరవడం మొదలుపెట్టింది. ఆయన మైలురాయి మీద కూలబడ్డాడు. ఆ వారం ఇంటికి వచ్చి ఉన్న నేను వెనకనే నడుస్తున్నాను.

“అయిపోయిందప్పా,” అన్నాడు నన్ను చూసి. “గరిష్ఠం దాటేసినాను. ఇంట్లో చెప్పండి.”

“నొప్పి ఉందా?”

“లేదు.”

“తల తిరుగుతోందా?”

“లేదు. ఆకలిగా ఉండాది.”

చుట్టూ చేరినవాళ్లలో ఒకడు సోడాకు పరుగెత్తాడు. ఇంకొకడు, “శెట్టీ, నీ అంగడి తాళాలు ఎవరికి ఇయ్యల్ల, ఇప్పుడే చెప్పు” అన్నాడు. మాజీ కౌన్సిలరు ఒకాయన, అప్పుడు అధికారంలో ఉన్న కట్చి మనిషి, “వాచీలు నువ్వే కదన్నా అమ్మినావు, గ్యారంటీ ఉందా?” అన్నాడు. అంత భయంలోనూ శెట్టికి కోపం వచ్చింది. మాట్లాడగలిగి, కోప్పడగలిగి, ఆకలేస్తోందనే మనిషికి ఆ క్షణంలో ప్రమాదం లేదని నాకు తోచింది. అయినా ఊహతో వదిలేయకూడదు కదా, వేలూరుకు తీసుకుపోయి పరీక్ష చేయించాం. వాచీ చెప్పిన గరిష్ఠం దాటి ఇంకా పైకి పోయింది ఆయన గుండె. కాగితం మీద గీత చక్కగా ఉంది. డాక్టరమ్మ నవ్వి, “మీ గుండె లెక్క తప్పింది, గుండె తప్పలేదు” అని పంపించింది.

నేను చెప్పదలచిన మనిషి ఈయన కాదు. ఈయన పక్కన పరుగెత్తిన ఆయన.

ఆయన బూట్ల ఫ్యాక్టరీలో కార్మిక సంఘం నాయకుడు. అందరూ సంఘం అన్న అనేవాళ్లు. అరవైకి దగ్గర పడుతున్న వయసు, బిగువైన ఒళ్లు, మైకు అక్కర్లేని గొంతు. అప్పట్లో అధికారంలో లేని కట్చి ఆయనది. ఆయన వాచీ ఎప్పుడూ కూయలేదు. శెట్టికి నూట అరవై ఎనిమిది చూపిస్తుంటే ఆయనకు నూట ఎనిమిది. అందరూ రొప్పుతుంటే ఆయనకు నూట పన్నెండు. బృందంలో అందరూ ఆ వాచీ చుట్టూ మూగేవాళ్లు.

“ఇది గుండె కాదప్పా, ఇనుము.”

“చిన్నప్పుడు మగ్గం గుంటలో కాళ్లు ఆడించినాడు కదా, ఆ బలం.”

“మా కట్చి గుండె,” అనేవాడు సంఘం అన్న. మాజీ కౌన్సిలరుకు అది కారం రాసినట్టుండేది.

నాకు మాత్రం ఆ అంకె నచ్చలేదు. రోజూ పరుగెత్తి పరుగెత్తి గుండె నిదానించినవాళ్లను చూశాను. వాళ్లకు కూచున్నప్పుడు వేగం తక్కువగా ఉంటుంది, కానీ గట్టిగా పరుగెత్తిస్తే పైకి పోతుంది. ఈయనది పైకి పోవడమే లేదు. ముఖం చూస్తే చెమటలు, పెదవులు ఎండిపోయి ఉంటాయి, అడుగు తడబడుతుంటుంది. ఒళ్లు ఒకటి చెబుతోంది, వాచీ ఇంకొకటి చెబుతోంది. బలవంతాన పరీక్షకు రప్పించాను.

అటెండరు ఆయన్ను చూడగానే నా చెవిలో, “చివరిదాకా లాగుతాడు” అన్నాడు. డాక్టరమ్మ తన మూడు ప్రశ్నలూ అడిగింది.

“మాత్రలు వేసుకుంటారా?”

“నేనా? తలనొప్పికి కూడా వేసుకోనమ్మా.”

“నిన్న ఏం మింగినారు?”

“సంగటి. సాంబారు. ఇంటావిడ తిట్లు.”

“అలమరలో ఏం మాత్రలు ఉన్నాయి?”

“అవి ఆమెవి. ఇంటింటికీ వచ్చి ప్రెషరు మాత్రలు, షుగరు మాత్రలు పంచిపోతా ఉండారు కదమ్మా గవర్నమెంటువాళ్లు. ఆమెకు ప్రెషరు. నెలనెలా ఆమెకు ఇచ్చిపోతారు. నాకూ ఇస్తామన్నారు. వాకిట్లోనే నిలబెట్టి పంపించేసినాను. స్టేజీ ఎక్కి ఆ పథకాన్ని తిట్టినోడిని, వాళ్ల మాత్ర మింగుతానా?”

అబద్ధం చెప్పే మనిషి కాదు. డాక్టరమ్మ కూడా అదే అనుకున్నట్టుంది. పట్టా ఎక్కించాం. అటెండరు జోస్యం ఫలించలేదు. గుండె నూట పద్నాలుగు దగ్గర మొరాయించింది. కాళ్లు వణికిపోతున్నాయి, గుండె మాత్రం పైకి రానంటోంది. ఆపేశాం. “ఈ పరీక్ష పూర్తి కానట్టే లెక్క. వేరే పరీక్ష చెయ్యాలి. అంతదాకా నడవండి, పరుగెత్తవద్దు” అని డాక్టరమ్మ కాగితం మీద రాసి, నోటితోనూ చెప్పి, అర్థం కాలేదనడానికి లేకుండా నన్ను కూడా తమిళంలో ఇంకోసారి చెప్పమంది. చెప్పాను.

ఊరికి పోయి ఆయన చెప్పింది ఇది: “వేలూరు పెద్దాసుపత్రి మిషనుకే నా గుండెను ఎగిరించడం చేతకాలే.”

వేరే పరీక్షకు రాలేదు. ఎన్ని ఫోన్లు చేసినా, “తలైవరు పుట్టినరోజు పరుగు అయినాక వస్తానన్నా” అనేవాడు. తలైవరు అంటే వాళ్ల కట్చి నాయకుడు. ఆ పుట్టినరోజుకు పల్లికొండ నుంచి విరించిపురం దాకా పరుగు పెట్టారు. మామూలుగా రెండో కట్చివాళ్లు అటు తొంగి చూడరు. ఆ ఏడు మాత్రం మాజీ కౌన్సిలరు, “నేనూ వస్తా. ఇనుపగుండె ఎంత ముందుంటుందో చూస్తా” అన్నాడు. ఆ మాటతో సంఘం అన్నకు అది పుట్టినరోజు పరుగు కాకుండా పోయింది.

ఆ రోజు నేను సెలవు పెట్టి పోయాను, ఆయన కోసమే. పరుగు మొదలు కావడానికి ముందు ఆయన చెయ్యి పట్టుకున్నాను.

“అన్నా, నువ్వు పరుగెత్తవద్దు. జెండా ఊపు, చాలు.”

“చూడన్నా,” అని వాచీ నా ముందు పెట్టాడు. “దీంట్లో నాకు పచ్చరంగు తప్ప ఏదీ రాలే ఇంతవరకు. అందరూ ఆరెంజు, ఎరుపు చూస్తా ఉండారు. ఈరోజు ఆరెంజు చూడకుండా ఆగను.”

అప్పుడు అర్థమైంది నాకు, ఆయన ఏం చేస్తున్నాడో. వాచీ ఇంకా విశ్రాంతిలోనే ఉన్నావు, ఇంకా పరుగెత్తవచ్చు అని చెబుతోంది. దాన్ని నమ్మి, ఆ అంకె ఎక్కేదాకా తనను తాను కొట్టుకుంటున్నాడు. కూత పెట్టి భయపెట్టిన వాచీ శెట్టిని ఏం చెయ్యలేదు. కూయని వాచీ ఈయన్ను చంపేట్టుంది.

వెనక్కి లాగబోయాను. మైకులో తలైవరు పేరు మారుమోగింది, మేళం మోగింది, జనం తోసుకొచ్చారు. చెయ్యి జారిపోయింది.

స్కూటరు మీద వెంట పోయాను. పాలారు ఏటి పక్కన ఎండ ఎక్కింది. నీళ్లు ఇచ్చేచోట అందరూ ఆగుతున్నారు, ఆయన ఆగలేదు. మాజీ కౌన్సిలరు ఆయన వెనకే ఉన్నాడు. విరించిపురం గోపురం కనిపించే మలుపులో సంఘం అన్న చెయ్యెత్తి వాచీ చూసుకున్నాడు. ఆ చెయ్యి దించలేదు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా నిలువునా ముందుకు పడ్డాడు. తల రోడ్డుకు కొట్టుకున్న చప్పుడు స్కూటరు శబ్దంలోనూ వినిపించింది నాకు.

ముందు చేరింది మాజీ కౌన్సిలరు. “అన్నా, అన్నా, ఆటలొద్దు, లెయ్యి” అంటున్నాడు. ముఖం తెల్లబడిపోయింది ఆయనకు. నాడి చూశాను. ఉంది, నీరసంగా, నిదానంగా ఉంది. అంత పరుగెత్తి పడిన మనిషి నాడి అంత నిదానంగా ఉండడం నా ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. మాజీ కౌన్సిలరు వెనకే వస్తున్న తన కారులోనే ఆయన్ను ఎక్కించాడు. ముందు అద్దం మీద ఆయన కట్చి జెండా, వెనక సీట్లో ఈ కట్చి నాయకుడు. దారి పొడవునా ఆ జెండా చూసి జనం పక్కకు తప్పుకున్నారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పరుగున వచ్చింది. బీపీ బాగా పడిపోయింది, ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గిపోయాయి, తలకు కుట్లు పడ్డాయి. గుండెపోటు కాదు. కానీ ఆమె ఈసీజీ కాగితం పట్టుకుని అదే పనిగా చూస్తూ నిలబడింది. “ఇది మందు తిన్న గుండె” అంది నాతో. “గుండె వేగానికి కళ్లెం వేసే ప్రెషరు మాత్ర ఒకటి ఉంది. అది తింటున్నవాడి గుండె ఇట్లాగే ఉంటుంది. ఆయన తినడం లేదంటాడు, నేను నమ్మాను. కానీ తింటున్నాడు.”

అప్పుడే ఆయన భార్య వచ్చింది. ఆటో దిగి పరుగెత్తుకొచ్చింది, చెప్పులు లేవు. డాక్టరమ్మ ఆమెను వరండాలో బల్ల మీద కూచోబెట్టి మెల్లగా అడిగింది.

“అమ్మా, ఆయన ఏ మాత్ర వేసుకుంటాడు?”

“ఏం వేసుకోడమ్మా.”

“మీరు ఇస్తున్నారా?”

ఆమె నా వైపు చూసింది. తల దించుకుంది.

“కాఫీలో” అంది.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు.

“ఎందుకమ్మా?”

“ఫ్యాక్టరీలో చూసి ప్రెషరు ఎక్కువుండాదని చెప్పినారమ్మా. మాత్ర వేసుకో అంటే ఎగిరెగిరి పడినాడు. ఆయన నాయన ప్రెషరుతోనే పోయినాడు, మగ్గం మీదనే, పడుగు పోగులు చేతిలో ఉండగానే. నేను ఆ చావు చూసినాను. మళ్లీ చూడలేను. మాత్ర పొడి చేసి పొద్దున కాఫీలో కలిపినాను. చక్కెర ఒక స్పూను ఎక్కువ వేస్తే తెలీదు. పరుగుకు పొయ్యే ముందు తాగి పోతాడు.”

“ఆయనకు మాత్రలు ఎవరిచ్చారు?”

“ఎవురిస్తారు? ఆయనే కదా తిరగ్గొట్టి పంపించినాడు. నావే.”

“మరి మీకు?”

ఆమె నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. “నాకేమమ్మా, ఇంట్లో ఉండేదాన్ని. ఆయన తిరిగే మనిషి.”

డాక్టరమ్మ ఆమె చెయ్యి తీసుకుని పట్టీ చుట్టింది. బీపీ చూసింది. నమ్మలేక రెండో చేతికి చుట్టి చూసింది. నా వైపు తిరిగి అంకె చెప్పింది. రెండు వందలు దాటి ఉంది. ఆ మనిషి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది ఆ రక్తపోటుతో. అంతదాకా రోగి లోపల మంచం మీద ఉన్నాడనుకున్నాం. స్ట్రెచరు ఆమె కోసం తెప్పించాం. “నేనెందుకు, ఆయన్ను చూడండి, నేనెందుకు” అంటూనే ఉంది లిఫ్టు తలుపు మూసుకునేదాకా.

రోజూ డైరీ రాసే నేను ఆ రోజు ఏమీ రాయలేకపోయాను. ఎంత జ్వరమొచ్చినా రాసేవాణ్ని. ఆ పేజీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

మర్నాడు సంఘం అన్నకు తెలివి వచ్చాక డాక్టరమ్మ నిజం చెప్పింది. పక్కన శెట్టి ఉన్నాడు, మాజీ కౌన్సిలరు ఉన్నాడు, నేనూ ఉన్నాను. మాత్ర సంగతి వినగానే ఆయన ముఖం ఎర్రబడింది. ఎక్కడ అరుస్తాడో అనుకున్నాం. “వాళ్ల మాత్ర… నాకు… కాఫీలోనా…” అన్నాడు. మాజీ కౌన్సిలరు లేచి పోయి గది తలుపు మూశాడు. ఇంకొకప్పుడైతే ఊరంతా టముకు వేసి ఉండేవాడు. తరువాత డాక్టరమ్మ రెండో సంగతి చెప్పింది, ఆ మాత్రలు ఎవరివో, ఆమె ఏం తినకుండా ఉందో, ఇప్పుడు పై అంతస్తులో ఎందుకు పడుకుని ఉందో.

సంఘం అన్న తలకు కట్టుతో, చేతికి సెలైనుతో లేచి కూచున్నాడు. ఆ గొంతు మైకు అక్కర్లేనిదని చెప్పాను కదా. ఆ రోజు పక్కనున్న నాకే వినిపించలేదు. వంగి విన్నాను.

“బతుకుతుందా అన్నా?”

బతికింది. కొన్ని రోజులు భయపెట్టి బతికింది. ఆయనకు డాక్టరమ్మ వేరే రకం మాత్ర రాసి, ఆ తరువాత ట్రెడ్‌మిల్ మళ్లీ చేసింది. గుండె అందరి గుండెలాగే పైకి పోయింది, గీత బాగానే వచ్చింది. అటెండరు నా చెవిలో ఏ జోస్యమూ చెప్పలేదు ఆ రోజు.

రిటైరైన తరువాత ఈ బృందానికి శిక్షణ ఇవ్వమని అడిగితే ఒక షరతు మీద ఒప్పుకున్నాను. మొదటి సమావేశానికి మగవాళ్లు ఇంటివాళ్లను తీసుకురావాలి. చేనేత సంఘం హాలులో కలిశాం. డాక్టరమ్మ వేలూరు నుంచి వచ్చింది. నేను గంటసేపు మాట్లాడదామని రాసుకుపోయాను. ఆమె నన్ను కూచోబెట్టి, మగవాళ్ల వైపు తిరిగింది.

“మీ గుండె గరిష్ఠం ఎంతో చెప్పండి.”

నూట అరవై రెండు, నూట డెబ్బై ఒకటి, నూట యాభై తొమ్మిది. పాఠం అప్పజెప్పినట్టు అరిచారు.

“మంచిది. ఇప్పుడు మీ ఇంట్లో ఆమె ప్రెషరు ఎంతో చెప్పండి.”

శెట్టి తన భార్య వైపు చూశాడు. ఆమె కప్పు వైపు చూసింది. మాజీ కౌన్సిలరు వాచీ సర్దుకున్నాడు.

“నూట ముప్పై రెండుకు ఎనభై నాలుగు,” అన్నాడు వెనక వరసలోంచి సంఘం అన్న. “పొద్దున చూసినది. మాత్ర నేనే ఇచ్చినాను.”

పక్కనున్న ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని మాట ఆగలేదు. “ఇస్తే పరవాలేదమ్మా. మింగినాక నోరు తెరిచి చూపించమంటా ఉండాడు.”